ఉపవాసం, నోబెల్, క్యాన్సర్: కణం తనను తాను తింటే చస్తుందా, బతుకుతుందా?

మా పెద్దమ్మది ప్రొద్దుటూరు. పోయినేడు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ముందు కీమో ఇచ్చి గడ్డ కాస్త తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నారు. మూడో కీమోకి తీసుకుపోతే నాలుగు కిలోలు బరువు తగ్గిందని తెలిసింది. వాంతులా, నోరు పూసిందా, అన్నం సయించడం లేదా అని డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగినా ఏమీ లేదమ్మా అంటూ కూర్చుంది. రక్తపరీక్షలో కూడా తేడా వచ్చిందని మందు వారం వెనక్కి జరిపారు. ఇంటికొచ్చి మంచం మీద చేరగిలబడ్డాక నింపాదిగా ఫోన్ తీసి నాకొక మెసేజ్ చూపించింది. జపాన్ శాస్త్రవేత్తకు నోబెల్ వచ్చిందనీ, మన ఏకాదశి ఉపవాసం గొప్పతనం దాంతో రుజువైపోయిందనీ, కడుపు మాడిస్తే క్యాన్సర్ కణాలు తమను తామే తినేసుకుంటాయనీ దాని సారం. ఈవిడ ఏకాదశి దాకా కూడా ఆగలేదు. రాత్రి తిండి మానేసి, పొద్దున పదకొండు దాకా కాఫీతోనే గడిపేస్తోంది.

"నోబెల్ ఊరికే ఇస్తారా నాయనా? తినకుంటే ఆ గడ్డ దాన్నదే తినేసుకుంటాదంట" అంది.

కొన్నాళ్లకు కడపలో నాతో పనిచేసే స్నేహితుడి ఫోన్లో అదే ఫోటో, అదే నోబెల్ కనిపించాయి. ఏకాదశి ఉన్నచోట రోజా అని మార్చారు, మిగతాదంతా అక్షరం పొల్లుపోలేదు.

ఈ మెసేజ్‌ని విప్పి చూస్తే ముక్కలన్నీ నిజానికి దగ్గరగానే ఉంటాయి. నోబెల్ నిజం, పస్తుంటే కణం తన లోపలి సరుకును తానే తినడం నిజం, క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉండడమూ నిజం. కాకపోతే కణం తనను తాను తినడం, తనను తాను చంపుకోవడం అనే రెండు వేర్వేరు పనులను కలిపి కుట్టేశారు. కణం చాలాసార్లు మొదటి పని చేసేదే రెండోది తప్పించుకోవడానికి.

పాత ఇనుముకు ఉల్లిగడ్డలు

వీధిలోకి మైకు పెట్టుకుని ఆటో వస్తుంది కదా, పాత ఇనుప సామాన్లకు, పగిలిన బిందెలకు ఉల్లిగడ్డలు ఇస్తామంటూ. కణం తన లోపలి సరుకును తానే తినడాన్ని ఆటోఫేజీ అంటారు, అది దాదాపు అదే బేరం. కణంలో పాడైన ప్రోటీన్లు, అరిగిపోయిన మైటోకాండ్రియా (ఇవి కణానికి కరెంటు ఇచ్చే భాగాలు) పేరుకుంటుంటాయి. వాటి చుట్టూ పల్చటి పొర పెరిగి సంచిలా మూసుకుంటుంది, దీన్ని ఆటోఫాగోసోమ్ అంటారు. ఆ సంచి పోయి లైసోసోమ్ అనే ఇంకో సంచితో కలుస్తుంది. లైసోసోమ్ నిండా ఆమ్లం, దేన్నైనా ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. తుక్కు అక్కడ కరిగిపోయి అమైనో ఆమ్లాలుగా, కొవ్వు ముక్కలుగా బయటికొస్తుంది. కణం వాటితో కొత్త ప్రోటీన్ కట్టుకుంటుంది, లేదా వాటినే కాల్చుకుని శక్తి తీస్తుంది. ఇల్లు శుభ్రమైంది, కూరకు ఉల్లిగడ్డలూ వచ్చాయి. శుభ్రం, తిండి అనే ఈ రెండు లాభాలనూ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు గొడవంతా వాటి మధ్యే.

ఇదేదో పస్తుంటేనే మొదలయ్యే వింత కాదు. మీరు ఉగ్గాని తింటున్నప్పుడు కూడా ప్రతి కణంలో కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. మనం రోజుకు 70, 80 గ్రాముల ప్రోటీన్ తింటే శరీరం 200 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ కొత్తగా కడుతుంది. లోటంతా పాత ప్రోటీన్‌ని విప్పి పూడ్చుకుంటుంది. (ఆ విప్పే పని మొత్తం ఆటోఫేజీదే కాదు, ప్రోటియాసోమ్ అనే ఇంకో యంత్రం కూడా ఉంది.) తిండి తగ్గినప్పుడు ఈ పని జోరందుకుంటుంది. ఎమ్‌టార్ అనే ప్రోటీన్ బియ్యం డబ్బా కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. డబ్బా నిండుగా ఉన్నంతసేపు ఆటోను గుమ్మంలోకి రానివ్వదు, అడుగంటితే తానే పక్కకు తప్పుకుంటుంది.

మిల్లు ఆపి బస్తాలు లెక్కపెట్టిన మనిషి

లైసోసోమ్‌ని 1955లో కనిపెట్టిందీ, 1963లో ఆటోఫేజీ అని పేరు పెట్టిందీ బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్. తర్వాత పాతికేళ్లకు పైగా కథ పెద్దగా కదల్లేదు, ఎందుకంటే సంచి తయారైన కాసేపటికే కరిగిపోతుంది, చూద్దామంటే దొరకదు.

యొషినోరి ఒహ్సుమి 1988లో టోక్యోలో సొంత ల్యాబ్ పెట్టుకుని ఈస్టు మీద పని మొదలుపెట్టాడు. బేకరీవాళ్లు పిండి పొంగడానికి వేస్తారే, ఆ ఈస్టే. ఆయన చేసిన ఉపాయం శెనక్కాయల మిల్లు చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మిల్లు ఆడుతున్నప్పుడు వచ్చిన బస్తా వచ్చినట్టు లోపలికి పోతుంది, ఎన్ని వచ్చాయో తెలీదు. మిల్లు ఆపేస్తే వాకిట్లో పేరుకుంటాయి, తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. ఒహ్సుమి కూడా కరిగించే ఎంజైములు లేని ఈస్టును తీసుకుని పస్తు పెట్టాడు. కొన్ని గంటల్లోనే చిన్న చిన్న సంచులు కుప్పపడ్డాయి, మామూలు మైక్రోస్కోపులోనే కనిపించాయి. 1992లో ఆ సంగతి ప్రచురించాడు, 1993లో ఈ పనికి కావాల్సిన 15 జన్యువులు పట్టుకున్నాడు. అవే జన్యువుల తోబుట్టువులు మన ఒంట్లో కూడా ఉన్నాయని తర్వాత తేలింది. 2016లో వైద్యశాస్త్ర నోబెల్ ఆయనొక్కడికే ఇచ్చారు.

ఆ నోబెల్ ఇచ్చింది ఆటోఫేజీ ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు. ఎవరు ఎన్ని గంటలు పస్తుండాలన్న మాట అందులో లేదు, క్యాన్సర్ మందు సంగతీ లేదు. ఆయన పస్తు పెట్టింది ఈస్టును.

చావుకు వేరే దారి ఉంది

కణం తనంతట తాను చావడానికి అపోప్టోసిస్ అనే వేరే ఏర్పాటు ఉంది. కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు 1972లో పెట్టిన పేరిది, ఆకులు రాలడానికి గ్రీకులు వాడే మాట. కడుపులో బిడ్డకు మొదట వేళ్ల మధ్య బాతు కాళ్లకున్నట్టు చర్మం ఉంటుంది, ఆ కణాలు చెప్పినట్టు చచ్చిపోతేనే వేళ్లు విడతాయి. సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో 1090 కణాలు పుడితే సరిగ్గా 131 చస్తాయి, ఏ కణం ఎప్పుడు చస్తుందో కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది కనిపెట్టిన పనికి 2002లో నోబెల్ వచ్చింది.

ఈ చావులో కాస్పేజ్ అనే కత్తెరలు లోపలి ప్రోటీన్లను తెగ్గోస్తాయి, డీఎన్ఏ ముక్కలవుతుంది, కణం ముడుచుకుపోతుంది, పక్క కణాలు వచ్చి గుట్టుగా తినేస్తాయి. నెక్రోసిస్ అనే ఇంకో రకం చావు అలా కాదు. కణం ఉబ్బి పగిలి లోపలి సరుకంతా వీధిన పడుతుంది, చుట్టూ వాపు వస్తుంది. ఈ వాపు సంగతి మళ్లీ వస్తుంది.

డీఎన్ఏ బాగా పాడైన కణం చచ్చిపోవాలి. అలా చావకుండా మొండికేస్తేనే క్యాన్సర్‌కు దారి. ఫోలిక్యులర్ లింఫోమా అనే రక్త క్యాన్సర్‌లో 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఎల్-2 అనే ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది. దాని పని కణాన్ని గబగబా పెంచడం కాదు, చావనివ్వకపోవడం అని 1988లో తెలిసింది. దానికి అడ్డంపడే వెనెటోక్లాక్స్ అనే మందు 2016లో అమెరికాలో అనుమతి పొందింది. అంటే చావు దారి తెరిచి క్యాన్సర్‌ను కొట్టడం ఇప్పటికే వైద్యంలో ఉన్న సంగతే, కానీ అది ఆటోఫేజీ కాదు.

వైరస్ కోసం వెతుకుతుంటే దొరికిన బెక్లిన్

ఈ రెండు దారులకూ మధ్యలో గోడ లేదని చూపించినవాళ్లలో ముఖ్యురాలు బెత్ లెవిన్. ఆవిడ మొదట వైరస్‌ల మీద పనిచేసేది. సింద్బిస్ అనే వైరస్ ఎలుకల మెదడుకు వాపు తెస్తుంది, బీసీఎల్-2 ఉంటే ఆ ఎలుకలు బతుకుతున్నాయి. ఇంతకీ ఈ బీసీఎల్-2 ఎవరెవరితో చేతులు కలుపుతోందని వెతికితే 1998లో ఒక కొత్త ప్రోటీన్ దొరికింది. దానికి బెక్లిన్ 1 అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది ఒహ్సుమి ఈస్టులో పట్టుకున్న జన్యువుల్లో ఒకదానికి మన రూపం.

1999లో లెవిన్ బృందం రొమ్ము క్యాన్సర్ కణాల్లో బెక్లిన్ తక్కువుందని గమనించి బయటినుంచి ఎక్కించింది. ఆటోఫేజీ పెరిగింది, కణాలు నెమ్మదించాయి, ఎలుకల్లో గడ్డలు కట్టడం తగ్గింది. 2003లో ఇంకో గట్టి సాక్ష్యం వచ్చింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు బెక్లిన్ కాపీలు ఉండాల్సిన ఎలుకల్లో ఒకటి తీసేస్తే వాటికి వాటంతటవే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్లు వచ్చాయి. 2005లో అసలు ముడి దొరికింది. చావును ఆపే ఆ బీసీఎల్-2 బెక్లిన్‌ని కూడా పట్టుకుని కూర్చుంటుంది, అంటే ఆటోఫేజీకీ కళ్లెం వేస్తుంది. ఇటు నుంచి అటు కూడా దెబ్బ ఉంది. కణం చావుకు సిద్ధపడ్డాక కాస్పేజ్ కత్తెరలు బెక్లిన్‌నీ తెగ్గోస్తాయి, ఇక మరమ్మతు ఆగిపోతుంది.

ఇంతవరకూ చదివితే ఆటోఫేజీ మంచిది, క్యాన్సర్‌ను ఆపుతుంది అనిపిస్తుంది. ఇల్లు రోజూ ఊడ్చుకుంటే చెత్త కుళ్లదు, పాడైన మైటోకాండ్రియా విషం కక్కదు, డీఎన్ఏ దెబ్బతినదు. వాదన బాగుంది. పెద్దమ్మ మెసేజ్‌కి ఉన్న కాస్తో కూస్తో బలం కూడా ఇదే.

రోడ్డు వెడల్పులో పోయిన గోడ

రొమ్ము, అండాశయం, ప్రోస్టేట్ క్యాన్సర్లలో 40 నుంచి 75 శాతం దాకా బెక్లిన్ కాపీ ఒకటి పోయి ఉంటుందని తొలి లెక్కలు చెప్పాయి. అయితే బెక్లిన్ ఉండేది 17వ క్రోమోజోములో, బీఆర్‌సీఏ1 అనే పేరుమోసిన రొమ్ము క్యాన్సర్ జన్యువు పక్కనే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కింటిని కొట్టడానికి వచ్చిన జేసీబీ మన ప్రహరీ కూడా లాగేసుకుపోదూ? అలాంటిదే ఇది కూడా, గురి బీఆర్‌సీఏ1 మీద, బెక్లిన్ ఊరికే దారిలో పోయింది అని 2014లో కొందరు వాదించారు. వేల గడ్డల జన్యు సమాచారం తిరగేస్తే బెక్లిన్ ఒక్కదాన్నే గురిపెట్టి పాడుచేసిన గుర్తులు వాళ్లకు కనిపించలేదు.

రెండోవైపు వాళ్లు కూడా ఉత్తచేతులతో లేరు. ఎలుకలో పక్కింటి జోలికి పోకుండా బెక్లిన్ ఒక్కటే తీసినా క్యాన్సర్ వచ్చింది కదా అంటారు. 2018లో లెవిన్ బృందమే బీసీఎల్-2 పట్టు సడలిన, అంటే ఆటోఫేజీ కొంచెం ఎక్కువగా నడిచే ఎలుకలను చూపించింది. అవి ఎక్కువకాలం బతికాయి, ముసలితనంలో వాటికి గడ్డలు తక్కువ. మనుషుల విషయంలో మాత్రం జేసీబీ వాదనను తోసిపారేయడం కష్టమే అని నాకనిపిస్తుంది. లెవిన్ 2020లో క్యాన్సర్‌తోనే చనిపోయింది, అరవై ఏళ్లకే.

కాలువ చివరి పొలం

అసలు మలుపు ఇక్కడుంది. కేసీ కెనాల్ కింద చివరి ఆయకట్టు రైతును అడగండి, నీళ్లు పైవాళ్లకే సరిపోతాయి, తన దాకా వచ్చేసరికి కాలువలో తడి మాత్రమే మిగులుతుంది. గడ్డ లోపల కూడా అంతే. రక్తనాళం నుంచి ఆక్సిజన్ మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు దూరం పోగలదు. గడ్డ కందిగింజంత అయ్యేసరికి కొత్త నాళాలు మొలిచినా సరిగ్గా అల్లుకోవు, మధ్యలో ఉన్న కణాలు చివరి పొలాలవుతాయి. గాలి లేదు, చక్కెర లేదు. మామూలుగా అవి చావాలి.

చావడం లేదు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ వైట్ బృందం చూసింది ఇదే. అపోప్టోసిస్ దారి మూసుకుపోయిన క్యాన్సర్ కణాలు ఆ కరువులో ఆటోఫేజీతోనే నెట్టుకొస్తున్నాయి. ఇంట్లో ఉన్న తుక్కంతా ఆటోకి వేసి ఉల్లిగడ్డలు తెచ్చుకుంటున్నాయన్నమాట. కరువు తీరాక మళ్లీ పెరుగుతున్నాయి. కణాన్ని పెరగమని చెప్పే ర్యాస్ జన్యువు దారితప్పిన క్యాన్సర్లు మామూలు రోజుల్లో కూడా దీనికి అలవాటుపడిపోయాయని 2011లో అదే బృందం చూపించింది. పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్లలో పదికి తొమ్మిదింటిలో ఈ ర్యాస్ మార్పే ఉంటుంది.

మరి ఆటోఫేజీ క్యాన్సర్‌ను ఆపుతుందన్న లెవిన్, గడ్డను బతికిస్తుందన్న వైట్, ఇద్దరిలో ఎవరు కరెక్ట్? ఇద్దరూ. ఒక ఊహా గడ్డను మొదటి నుంచి చూద్దాం. ఇంకా క్యాన్సర్ కాని మామూలు కణంలో ఆటోఫేజీ ఊడుస్తూ ఉంటుంది, డీఎన్ఏ పాడవకుండా కాపాడుతుంది. ఊడవడం ఆగితే చెత్త పేరుకుని తప్పుడు కణం పుడుతుంది. ఆ కణం పెరిగి గడ్డయ్యాక అదే చీపురు దాని చేతిలో ఉంటుంది. 2011లో జపాన్‌లో ఆటోఫేజీ జన్యువును అక్కడక్కడా తీసేసిన ఎలుకల్లో కాలేయంలో గడ్డలు వచ్చాయి, కానీ ప్రాణాంతక క్యాన్సర్‌గా ముదరలేదు. గడ్డ మొదలవడానికి ఆటోఫేజీ లేకపోవడం సాయపడింది, ముదరడానికి మాత్రం ఆటోఫేజీ కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు. క్యాన్సర్ కణంలో అపోప్టోసిస్, ఆటోఫేజీ రెండూ మూసేస్తే కణం చస్తుంది, సంతోషమే, కానీ అది నెక్రోసిస్ చావు. ఉబ్బి పగిలి, వాపు తెచ్చి, ఆ వాపు మిగిలిన గడ్డకు ఎరువవుతుంది. వైట్ బృందం 2006లోనే ఈ సంగతి చెప్పింది.

చచ్చిన కణంలో సంచులు కనిపిస్తే

ఆటోఫేజీ వల్లే కణం చస్తుందని చాలాకాలం నమ్మారు, ఎందుకంటే చస్తున్న కణాల్లో ఆ సంచులు కుప్పలుగా కనిపించేవి. మంచం పక్కన సెలైన్ సీసా వేలాడుతోందని సెలైనే చంపిందంటామా? చాలా సందర్భాల్లో అవి బతకడానికి చేసిన ఆఖరి ప్రయత్నం. అయితే అసలే లేదని కూడా అనలేం. లెవిన్ 2013లో ఆటోఫేజీని మరీ మితిమీరి రేపితే నిజంగానే చచ్చే కణాలను చూపించి దానికి ఆటోసిస్ అని పేరు పెట్టింది. అది అరుదు, ల్యాబులో మందు పెట్టి రేపినప్పుడో, ఒళ్లు విపరీతమైన దెబ్బ తిన్నప్పుడో కనిపించేది. ఒక పూట సంకటి మానేస్తే వచ్చేది కాదు.

మిల్లుకు అడ్డంపడే మలేరియా మందు

గడ్డ ఆటోఫేజీ మీద బతుకుతుంటే దాన్ని ఆపేద్దాం అనేది సహజంగా వచ్చే ఆలోచన. చేతిలో మందు కూడా ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, కరోనా అప్పుడు అందరి నోటా నానిందే. అది లైసోసోమ్‌లో ఆమ్లాన్ని చెడగొడుతుంది, అంటే మిల్లు ఆగిపోతుంది. బస్తాలు వస్తాయి, ఆడవు.

అంటే ఉపవాసం మెసేజ్ ఆటోఫేజీ పెంచమంటోంది, క్యాన్సర్ పరిశోధకులేమో ఆపడానికి మందులు వెతుకుతున్నారు. పెద్దమ్మకు ఈ ఒక్క ముక్క చెప్పినప్పుడే ఫోన్ పక్కన పెట్టింది.

ఆపడం కూడా అనుకున్నంత తేలిక కాలేదు. ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న 112 మందిలో సగం మందికి కీమో, సగం మందికి కీమోతో పాటు ఈ మందు ఇచ్చి 2019లో ఫలితాలు చెప్పారు. గడ్డ తగ్గినవాళ్లు కీమో ఒక్కటే తీసుకున్నవారిలో 21 శాతం, రెండూ తీసుకున్నవారిలో 38 శాతం. బాగుంది కదా? కానీ ఏడాదికి బతికున్నవాళ్లు మొదటి గుంపులో 49 శాతం, రెండో గుంపులో 41 శాతం. గడ్డ తగ్గింది గానీ ఆయుష్షు పెరగలేదు. మందు గట్టిది కాదని కొందరూ, అన్ని గడ్డలూ ఆటోఫేజీ మీద ఆధారపడవని కొందరూ అంటున్నారు.

పూర్తిగా ఆపేస్తే ఏమవుతుందో ఎలుకలు చెప్పాయి. పెద్ద ఎలుకల ఒళ్లంతా ఆటోఫేజీని ఒక్కసారిగా ఆపేస్తే ఊపిరితిత్తుల గడ్డలు తగ్గాయి. కానీ పస్తు పెట్టగానే రక్తంలో చక్కెర పడిపోయి చచ్చాయి. తిండి పెట్టినవాటికి కూడా నెలలు తిరక్కుండా మెదడు దెబ్బతింది. గడ్డకు పనికొచ్చేదే మెదడుకూ పనికొస్తోంది.

మరి ఉపవాసం సంగతి?

ఎలుకను ఒక రోజు పస్తు పెడితే కాలేయంలో ఆటోఫేజీ స్పష్టంగా పెరుగుతుంది. కానీ ఎలుక ఒక్కరోజు పస్తుకే ఒంటి బరువులో పదో వంతు దాకా పోగొట్టుకుంటుంది, మనకు ఏకాదశి నాడు అలా జరగదు. బతికున్న మనిషిలో ఫలానా గంటకు ఆటోఫేజీ మొదలైందని చెప్పే మామూలు రక్తపరీక్ష లేదు. సంచులు ఎక్కువ కనిపించినా బస్తాలు ఎక్కువ వచ్చాయా, మిల్లే ఆగిందా అన్న పాత చిక్కు ఉండనే ఉంది. పదహారో గంటకు మొదలవుతుందని వీడియోల్లో గడియారం బొమ్మ వేసి చూపించేదానికి ఆధారం లేదు.

పరిశోధకులు ఉపవాసాన్ని కొట్టిపారేయలేదు కూడా. నెదర్లాండ్స్‌లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందు కీమో తీసుకుంటున్న 131 మందిలో కొందరికి కీమో రోజుల చుట్టూ చాలా తక్కువ తిండి ఇచ్చి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. స్కానింగ్‌లో గడ్డ తగ్గినట్టు కనిపించడం ఆ గుంపులో మెరుగ్గా ఉంది, కీమో బాధలు మాత్రం తగ్గలేదు, గడ్డ పూర్తిగా మాయమైనవాళ్ల లెక్కలో తేడా లేదు. ఆ తిండి నియమాన్ని అన్ని విడతలూ పాటించగలిగింది ఐదుగురిలో ఒకరే. అది కూడా బరువు చూస్తూ, డాక్టర్ల కళ్లముందు జరిగిన పని. క్యాన్సర్ ఉన్నవాళ్లకు కండ కరిగిపోవడమే పెద్ద ప్రమాదం, పెద్దమ్మ పోగొట్టుకున్న నాలుగు కిలోల్లో ఎంత కొవ్వో ఎంత కండో ఎవరికి తెలుసు.

ఇదంతా ఒక ఆదివారం ఆవిడకు విడమరిచి చెప్పాను. ఉల్లిగడ్డల ఆటో దగ్గర నవ్వింది, చివరి ఆయకట్టు దగ్గర నవ్వలేదు, వాళ్ల పుట్టింటి పొలం కాలువ చివరే. సంకటి ముద్ద కలుపుకుంటూ కాసేపాగి అడిగింది.

"మరి నా గడ్డలో ఆ ఆటో యా పక్క తిరుగుతాంది? నా పక్కా, దాని పక్కా?"

ఒక మనిషి గడ్డను చూసి అది ఆటోఫేజీ మీద బతుకుతోందో లేదో తేల్చే పరీక్ష కోసమే ల్యాబుల్లో ఇప్పుడు కుస్తీ పడుతున్నారని, ఆసుపత్రికి ఇంకా రాలేదని చెప్పాను. "వచ్చినప్పుడు చెప్పు" అని పప్పు ఇంకాస్త వేయించుకుంది.